కడియం నర్సరీ సైటూ, పోస్టర్లలో ఇరుక్కున్న అక్షరాలూ

మనవాళ్ళ వ్యాపార సైట్లు చాలావాటికి జబ్బు ఒక్కటే. అక్షరాలు ఉండాల్సిన చోట బొమ్మలుంటాయి. రేట్లు బొమ్మలో, అడ్రసు బొమ్మలో, ఫోన్ నంబరు బొమ్మలో, ఆఖరికి ‘మా గురించి’ అన్న పేజీ కూడా ఫోటోషాప్‌లో చేసిన పోస్టరే. బొమ్మ బరువు కాబట్టి పేజీ తెరుచుకోదు. బొమ్మలో రాసింది గూగుల్‌కి సరిగా అందదు కాబట్టి వెతికితే దొరకదు. స్పీడుకి ఒక బిల్లు, ఎస్ఈఓకి (గూగుల్‌లో వెతికితే దొరికేలా చెయ్యడానికి) ఇంకో బిల్లు వేసేవాళ్ళున్నారు గానీ, మన సైట్ల వరకూ ఆ రెండూ చాలాభాగం ఒకే పని.

నేను ఈ పనిలోకి వచ్చింది డీటీపీ నుంచి. రాజమండ్రిలో ఒక ప్రెస్సులో పేజ్‌మేకర్, అను ఫాంట్లు, శుభలేఖలు, కరపత్రాలు. అందుకే ఈ పోస్టర్ల అలవాటు ఎక్కణ్ణించి వచ్చిందో నాకు బాగా తెలుసు. అను ఫాంట్‌లో కొట్టింది కాగితం మీద చూడముచ్చటగా ఉంటుంది. అదే తీసుకెళ్ళి వెబ్ పేజీలో అతికిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి, ఎందుకంటే లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగు ఆకారం తొడుక్కున్న వేరే కోడ్‌లు. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు కూడా ఎవరి ఫాంటు వాళ్ళు పెట్టుకుని ఇలాగే నడిచాయి. వాటిని యూనికోడ్‌లోకి (ఎక్కడైనా తెలుగు తెలుగుగానే కనిపించే కోడ్‌లోకి) మార్చి చదువుకోవడానికి ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది, తెలుగు బ్లాగుల్ని ఒకచోట చూపించిన కూడలి, జల్లెడ చూసిన పాత బ్లాగర్లకి గుర్తుండే ఉంటుంది. పత్రికలు మారిపోయాయి. డీటీపీ షాపులు మారలేదు. అక్షరం అతకట్లేదని పేజీ మొత్తాన్ని జేపెగ్ చేసి సైటులో పడేస్తున్నారు.

ఇప్పుడు మా మావయ్య సంగతి. కడియం దగ్గర కడియపులంకలో ఆయనకి నర్సరీ ఉంది. పూలమొక్కలు, పండ్ల అంటు మొక్కలు, అపార్ట్‌మెంట్లకీ లేఅవుట్లకీ వేసే అలంకరణ మొక్కలు, అన్నీ. సైటు చూసి పెట్టమన్నప్పుడు ఆయన ఫిర్యాదు ఇదీ: “హైదరాబాదు నుంచి ఫోన్ చేసినోళ్ళు, సైటు ఓపెన్ అవట్లేదండీ, వాట్సాప్‌లో రేట్లు పంపండీ అంటన్నారమ్మాయ్. పంపేదేదో వాట్సాప్‌లోనే పంపితే ఇక సైటెందుకు?”

న్యాయమైన ప్రశ్నే.

హోమ్ పేజీ తెరిచి ఏమేం లోడవుతోందో బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూశాను. పైన అయిదు ఫోటోల స్లైడర్. ప్రతి ఫోటో ఫోన్ కెమెరా నుంచి తీసింది తీసినట్టే ఎక్కించారు, 4000 పిక్సెళ్ళ వెడల్పు, ఒక్కోటి నాలుగైదు ఎంబీలు. చూసేవాళ్ళ ఫోన్ తెర ఎంత మంచిదైనా అడ్డంగా వెయ్యి పైచిలుకు పిక్సెళ్ళే. మిగతాదంతా దిగుమతి చేసుకుని పారబోసుకోవడమే. దాని కింద కుడి నుంచి ఎడమకి పాకే ‘నర్సరీకి స్వాగతం సుస్వాగతం’. దాని కింద ఆరు యూట్యూబ్ వీడియోలు, ఎవరూ ప్లే నొక్కకముందే ఆరు ప్లేయర్లూ తమ సరంజామా అంతా దించుకుంటున్నాయి. ఒక మూల చాట్ డబ్బా, దానికి జవాబిచ్చే మనిషి లేడు. పైనుంచి రాలే పూరేకుల యానిమేషన్ ఒకటి. అది మటుకు మావయ్యకి ప్రాణం.

గూగుల్ ఈ విషయంలో మూడు కొలతలు పెట్టుకుంది. పేజీలో కనిపించే ప్రధానమైన బొమ్మో రాతో 2.5 సెకన్లలోపు రావాలి, దాన్ని ఎల్‌సీపీ అంటారు. వేలితో తాకితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి, అది ఐఎన్‌పీ, 2024 మార్చి నుంచి పాత కొలత ఎఫ్ఐడీ స్థానంలోకి వచ్చింది. చదువుతుండగా పేజీ అటూఇటూ గెంతకూడదు, ఆ గెంతు సీఎల్ఎస్ లెక్కలో 0.1 దాటకూడదు. ఈ మూడూ వచ్చినవాళ్ళలో ముప్పాతిక మందికి బాగుంటేనే బాగున్నట్టు. మావయ్య సైటులో ఎల్‌సీపీ అంటే స్లైడర్‌లో మొదటి ఫోటోయే. తమాషా ఏమిటంటే, స్పీడు పెంచడానికని ఎవరో వేసిన ప్లగిన్ (సైటుకి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం) ఒకటి పేజీలో బొమ్మలన్నిటికీ లేజీ లోడింగ్, అంటే తెర దగ్గరకొస్తేనే బొమ్మని దించుకునే పద్ధతి, తగిలించింది, ఆ మొదటి ఫోటోతో సహా. అందరికంటే ముందు రావాల్సినదాన్ని కావాలని ఆఖరికి నెట్టినట్టయింది. ఈ సైటు నడిచే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్, అది 5.9 వెర్షన్ నుంచి మొదటి బొమ్మని లేజీ చెయ్యకుండా తనే వదిలేస్తుంది, 6.3 నుంచి ముఖ్యమైన బొమ్మకి ఎక్కువ ప్రాధాన్యం కూడా తనే ఇస్తుంది. ప్లగిన్లు మధ్యలో వేలు పెట్టకపోతే చాలు.

స్లైడర్ తీసేసి ఒకే ఫోటో ఉంచాను. ఎండపొద్దున షేడ్ నెట్ కింద కుండీల వరస. దాన్ని ఫోన్‌కి సరిపడా వెడల్పుకి కుదించి వెబ్‌పీ అనే తేలికపాటి బొమ్మల ఫార్మాట్‌లోకి మారిస్తే వంద కేబీ లోపుకి వచ్చేసింది, నాణ్యత తగ్గిందని మావయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసినా పట్టుకోలేకపోయాడు. వీడియోల బదులు వాటి ముఖచిత్రాలు పెట్టి, తాకితేనే ప్లేయర్ వచ్చేలా చేశాను. చాట్ డబ్బా పోయింది. పూరేకుల దగ్గర పెద్ద పంచాయితీ అయింది.

“అవుంటే మన సైటని తెలుత్తదే!”

“అవుంటే మన సైటే తెరుచుకోదు మావయ్యా.”

అత్త నా పక్షం వహించింది కాబట్టి గెలిచాను.

సర్వరు సంగతి కొంచెం చెప్పాలి. ‘అన్‌లిమిటెడ్’ అని అమ్మే చవక హోస్టింగ్ ఒకటి తీసుకున్నారు, ఆ సర్వరుండేది అమెరికాలో. కొనేవాళ్ళు ఆంధ్రా, తెలంగాణ, కర్ణాటకల్లో. ఇక్కణ్ణించి అక్కడికి సంకేతం వెళ్ళి రావడానికే రెండొందల మిల్లీసెకన్లకి పైన పడుతుంది. కనెక్షన్ కలపడానికి ఒకసారి, దానికి భద్రత తొడగడానికి ఒకసారి, పేజీ అడగడానికి ఒకసారి, ఇలా మొదటి బైటు చేతికొచ్చేసరికే అరసెకను పైగా ఖర్చు. ఆ తర్వాత వర్డ్‌ప్రెస్ డేటాబేసు తవ్వి పేజీ తయారుచేసే టైము వేరే. ముంబయిలో సర్వరున్న ప్లానుకి మార్చి, పేజీ కాష్ పెట్టాను. కాష్ అంటే ఏంటని మావయ్య అడిగితే, రోజూ అమ్ముడయ్యే మొక్కల్ని వెనక మడి నుంచి బేరం వచ్చినప్పుడల్లా మోసుకురాకుండా పొద్దున్నే తెచ్చి రోడ్డువార పెట్టుకుంటావు చూడు, అదే అన్నాను. వెంటనే అర్థమైపోయింది, నెలకి ఎంతవుతుందో అది కూడా వెంటనే అడిగాడు.

ఫాంట్ల విషయం ఇంగ్లీషు సైట్ల గురించి రాసేవాళ్ళెవరూ చెప్పరు, కాబట్టి ఇక్కడ ఆగుతాను. తెలుగు ఫాంటు ఇంగ్లీషు ఫాంటు కంటే బాగా బరువు. గుణింతాలు, వత్తులు, అవి కలిసే పద్ధతులు, అన్నిటి ఆకారాలూ లోపల ఉండాలి మరి. మావయ్య సైటులో శీర్షికలకి రామభద్ర, మేటరుకి మండలి, బటన్లకి ఇంకోటి, మొత్తం మూడు దిగుతున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ముందే ఉంటుంది, చదివే మేటరుకి అది చాలు, పైసా బరువు లేదు. రామభద్ర ఒక్కటి శీర్షికలకి ఉంచి, అది వచ్చేలోపు ఫోన్లో ఉన్న ఫాంటే కనిపించేలా ‘స్వాప్’ అనే సెట్టింగు పెట్టాను. స్వాప్‌తో ఒక చిక్కుంది. తెలుగు ఫాంట్లలో ఒకదాని ఎత్తుకీ ఇంకోదాని ఎత్తుకీ పొంతన ఉండదు. ఫాంటు మారగానే శీర్షిక రెండు వరసల నుంచి మూడు వరసలై కింద ఉన్నదాన్నంతా తోసేస్తుంది, గెంతు లెక్క పెరిగేది అక్కడే. శీర్షికకి ముందుగానే తగినంత ఎత్తు కేటాయించి, వరసల మధ్య ఎడం 1.6 పెట్టాను. ఇంగ్లీషు థీముల్లో ఉండే 1.2 ఎడంతో తెలుగు పెడితే పై వరస వత్తులు కింది వరస నెత్తినెక్కుతాయి, అయినా మన సైట్లలో సగం అలాగే ఉన్నాయి.

ఇక అసలు పని, రేట్ల పట్టిక. పదకొండు పోస్టర్లు. ఆకుపచ్చ బోర్డరు, పసుపు అక్షరాలు, వెనక మసకగా గులాబీ. నందివర్ధనం, నూరువరహాలు, దేవగన్నేరు, సన్నజాజి, కనకాంబరం, మామిడిలో బంగినపల్లి, సువర్ణరేఖ, చెరుకు రసం, పక్కన బ్యాగ్ సైజు, ఎత్తు, ధర. ఎంతో విలువైన సమాచారం, సైటు మొత్తంలో ఇంతకంటే పనికొచ్చేది లేదు. గూగుల్‌కి మాత్రం ఇది ‘వాట్సాప్ ఇమేజ్’ అని మొదలై తేదీ, టైముతో ముగిసే పేరున్న పదకొండు ఫైళ్ళు. ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే రాత) ఖాళీ. ఒకరిద్దరు, గూగుల్ బొమ్మలోని రాత కూడా చదివేస్తుంది కదా అన్నారు. కొంత చదవగలదు, నిజమే. ముఖ్యమైన విషయం బొమ్మలో పెట్టొద్దని గూగులే తన సలహాల్లో చెబుతున్నప్పుడు, మసక గులాబీ మీద పసుపులో ఉన్న అను అక్షరాలని అది కష్టపడి చదువుతుందని ఆశ పెట్టుకోవడం దేనికి?

పోస్టరు చేసిన ప్రెస్సులో పేజ్‌మేకర్ ఫైలు దొరికింది, అదృష్టం. అను నుంచి యూనికోడ్‌కి కన్వర్టర్‌తో మార్చి, వత్తుల దగ్గర తప్పులన్నీ కూర్చుని దిద్దాను. వెబ్‌లో యూనికోడ్‌ని రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం మూడు బైట్లు తింటుంది, గుణింతం గుర్తుకి మళ్ళీ మూడు, అందుకని తెలుగు పేజీలు బరువని కొందరి భయం. అన్ని అక్షరాలకీ మొదటి రెండు బైట్లు దాదాపు ఒకటే కావడంతో జీజిప్, బ్రోట్లీ లాంటి కుదింపు పద్ధతుల్లో బాగా నలుగుతాయి. రేట్ల పట్టిక మొత్తం అక్షరాల్లోకి మారాక, పోస్టర్లలో ఒక్కదాని బరువు కూడా లేదు.

తర్వాత ముఖ్యమైన మొక్కలకి తలా ఒక పేజీ. తెలుగు పేరు, శాస్త్రీయ నామం, హిందీ పేరు, బ్యాగ్ సైజులు, ఎండ ఎంత కావాలి, నాటడానికి అదను, రవాణా ఎలా. ఇవన్నీ నేను రాసినవి కావు, మావయ్య చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసి టైపు చేశాను. నూరువరహాల మొక్కని ఎప్పుడు కత్తిరించాలో ఆయన చెప్పిన తీరు ఏ ఎస్ఈఓ వ్యాసంలోనూ దొరకదు, ఆ పేజీకి బలం అదే. శీర్షికలన్నీ అంతకుముందు ‘హోమ్’, ‘పేజ్ 2’ అని ఉండేవి, అవి మారాయి.

పేజీల అడ్రసులు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టాను. భాషాభిమానులు కోప్పడొద్దు. వర్డ్‌ప్రెస్ ఆ అడ్రసుకి 200 గుర్తుల చోటే ఇస్తుంది, లోపల ఒక్కో తెలుగు గుర్తూ తొమ్మిది గుర్తులుగా మారి కూర్చుంటుంది. అంటే గుణింతాలతో కలిపి ఇరవై రెండు గుర్తులు దాటితే అడ్రసు తోక తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే చాలాసార్లు శాతం గుర్తుల చాంతాడు కనిపిస్తుంది, అది చూసి ఏదో వైరస్ లింకని జనం నొక్కరు.

జనం ఎలా వెతుకుతారన్నది కూడా సర్చ్ కన్సోల్లో (ఏ మాటలు వెతికితే మన సైటు కనిపించిందో గూగుల్ చూపించే చోట) చూస్తే తెలిసింది. మొక్క పేరు తెలుగే, టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లో. చివర ‘రేట్’ అనో ‘ప్రైస్ లిస్ట్’ అనో ‘తెలుగులో’ అనో తగిలిస్తారు. అందుకని ప్రతి మొక్క పేజీలో ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఒకచోట సహజంగా వచ్చేలా రాశాం. పేజీ నిండా ఇరవై స్పెల్లింగులు కుమ్మరించడం మాత్రం చెయ్యలేదు, అది చూడ్డానికే రోత.

కుమ్మరించడం అంటే గుర్తొచ్చింది. మావయ్య అంతకుముందు ఒక ఏజెన్సీకి ఏడాది డబ్బు కట్టాడు. వాళ్ళు చేసిన పని వెతికితే, కీవర్డ్స్ మెటా ట్యాగ్‌లో (చదివేవాళ్ళకి కనపడకుండా పేజీ కోడ్‌లో ఉండే మాటల జాబితాలో) వందల మాటలు నింపి ఉన్నాయి. ఆ ట్యాగ్‌ని ర్యాంకింగుకి వాడట్లేదని గూగుల్ 2009 లోనే చెప్పేసింది. నెలనెలా వచ్చిన రిపోర్టులో రంగుల గ్రాఫులు మాత్రం బావున్నాయి.

ఇంత చేశాక గూగుల్ పేజ్‌స్పీడ్ పరీక్షలో మార్కులు ఎరుపులోంచి ఆకుపచ్చలోకి వచ్చాయి. ఆకుపచ్చంటే 90 నుంచి పైన. నూటికి నూరు ఎందుకు రాలేదని మా మేనబావ అడిగాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మార్కుల పిచ్చి. ఆ మార్కు ప్రయోగశాల లెక్క, ఒక ఊహా ఫోను, ఊహా నెట్‌వర్కు. నిజంగా వచ్చిన జనం అనుభవం వేరే లెక్క, అది గడిచిన 28 రోజుల క్రోమ్ వాడకం నుంచి వస్తుంది, ఇంత చిన్న సైటుకి తగినంత డేటా లేదనే రాస్తుంది. అందుకని నేను నమ్ముకున్న పరీక్ష, నర్సరీలో పనిచేసే కుర్రాడి చవక ఫోను. వెనక మడుల్లో సిగ్నల్ రెండు గీతలుండే చోట నిలబడి తెరవమన్నాను. తెరుచుకుంది, రేటు కనపడింది.

స్పీడు పెరిగితే ర్యాంకు పెరుగుతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి. మొబైల్ వెతుకులాటలో స్పీడుని లెక్కలోకి తీసుకోవడం 2018 జులైలో మొదలైంది, నిజమే, కానీ అడిగినదానికి సరైన జవాబున్న పేజీని గూగుల్ వేగం కోసం వదులుకోదు. ఇక్కడ ఫలితం ఎక్కువగా మొక్కల పేజీల నుంచే వచ్చింది. ముందు సర్చ్ కన్సోల్లో కనిపించేది నర్సరీ పేరొక్కటే, అంటే మావయ్య ఎవరో ముందే తెలిసినవాళ్ళు. ఇప్పుడు మొక్కల పేర్లు కనిపిస్తున్నాయి. వాటికంటే ముందు ఫోన్లు తెచ్చింది మాత్రం గూగుల్ మ్యాప్స్‌లోని బిజినెస్ ప్రొఫైల్, సరైన టైమింగులు, సరైన నంబరు, నాలుగు మంచి ఫోటోలు. ఉచితం, ఒక సాయంత్రం పని. నర్సరీ, టిఫిన్ సెంటరు, టైలరు షాపు, ఎవరైనా సరే మొదట ఇది చేసి తర్వాత సైటు జోలికి వెళ్ళండి.

నిన్న మావయ్య ఫోన్. దసరా ఆఫరు పోస్టరు చేయించాడట, సైటులో పెట్టమని వాట్సాప్‌లో పంపాడు. ఆకుపచ్చ బోర్డరు, పసుపు అక్షరాలు. టైపు చేసి అక్షరాల్లో పెట్టాను, పోస్టరుని దాని కింద చిన్నగా ఉంచాను. బెంగళూరు బేరాలు పెరుగుతున్నాయి కాబట్టి కన్నడంలో కూడా పేజీలు కావాలంటున్నాడు. అనువాదానికి మనిషిని చూడమన్నాను, మెషీన్ చేత చేయించనని ముందే చెప్పేశాను.