పోల్ అంటే అసలు తల

పోలింగ్ అని ఎన్నికలప్పుడు గంటకోసారి అంటాం గానీ, అందులోని పోల్‌కి పాతకాలపు ఇంగ్లిష్‌లో అర్థం ఓటు కాదు, తల. తలలు లెక్కపెట్టడం పోయి పోయి ఓట్లు లెక్కపెట్టడం అయింది. మనం తలసరి ఆదాయం, తలా ఒకటి అనట్లేదూ, అలాగే. పైభాగం నరికేసిన చెట్టుని పొల్లార్డ్ అంటారు, కొమ్ముల్లేని పశువు పోల్డ్, అంటే మన బోడి ఆవు. (కరెంటు పోల్ వేరే మాట, స్పెల్లింగూ వేరే.)

ఇందులో నాకు బాగా కోపం తెప్పించేది పోల్ ట్యాక్స్, తలపన్ను. ఇంగ్లండులో 15 ఏళ్లు దాటినవాళ్లు తలకో షిల్లింగ్ కట్టాలనేసరికి 1381లో రైతులూ కూలీలూ తిరగబడి లండన్ మీదికి వెళ్లారు. అమెరికా దక్షిణాదిలో ఇంకా ఘోరం, ఆ పన్ను కడితేనే ఓటు అన్నారు, దాంతో నల్లజాతివాళ్లూ పేద తెల్లవాళ్లూ బూత్ దాకా రాలేకపోయారు. కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు), అధ్యక్ష ఎన్నికల్లో దాన్ని 1964లో రాజ్యాంగ 24వ సవరణతో తీసేస్తే, రాష్ట్రాల ఎన్నికల్లో 1966లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఒడిశాలోని మా రాయగడలో ఓటరు స్లిప్ ఒడియాలో వస్తుంది, మా పెద్దమ్మకి చదవడం రాదు, పేరూ వరుస నంబరూ నేనే చదివి చెప్తాను. అయినా ఆవిడ పేరు ఒక్క లిస్టులోనే ఉంది. పక్క కొరాపుట్ జిల్లా కొటియా ఊళ్లలో అలా కాదు. పొట్టంగి బ్లాక్ అని ఒడిశా అంటుంది, సాలూరు మండలం అని ఆంధ్ర అంటుంది. ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకి వెళ్తే 2006లో సాంకేతిక కారణాలతో కేసు కొట్టేశారు, గొడవ మాత్రం అక్కడే ఉంది. 2021లో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది. 2024 మే 13న రెండు వైపులా ఒకే రోజు పోలింగ్. చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి.

ఒకే మనిషి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ చెప్తుంది, నిజమే. కానీ అది చూపించి వాళ్లని దొంగ ఓటర్లంటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు ఎక్కడికీ వెళ్లి పేరు ఎక్కించుకోలేదు, రెండు ప్రభుత్వాలే ఇంటికొచ్చి ఒకే తలని రెండుసార్లు రాసుకున్నాయి. రోడ్డు ఒకరు వేస్తారు, పింఛను ఇంకొకరు ఇస్తారు, ఏ కార్డు వదులుకోమంటారు వాళ్లని? ఊరు ఎవరిదో ముందు ఢిల్లీలో కూర్చున్నవాళ్లు తేల్చాలి, కార్డు సంగతి ఆ తర్వాత అడగండి.