ఫాస్టింగ్ బాగుంది, సగటే భయపెట్టింది

మిర్యాలగూడలో నాయినకు టెస్టులు చేయించాను. ఫాస్టింగ్ (పరగడుపున చూసే షుగర్) 126 చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. "చూసినవా, షుగర్ కంట్రోల్లనే ఉంది" అన్నాడు. కింది వరుసలో హెచ్‌బీఏ1సీ (ఎర్ర రక్తకణాలకు పట్టుకున్న చక్కెర ఎంతో చెప్పే టెస్టు) 9 శాతం. అంటే రెండు మూడు నెలల షుగర్ సగటు 212 దాకా ఉన్నట్టు! టెస్టుకు ముందు రెండు రోజులు అన్నం మానేసి జొన్నరొట్టె తింటే ఫాస్టింగ్ తగ్గొచ్చు. ఎర్ర రక్తకణాలకు పట్టుకున్న చక్కెర మాత్రం అట్లా పోదు, ఆ కణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి. (రక్తహీనత ఉంటే ఈ లెక్క తప్పొచ్చు. నాయినకు హిమోగ్లోబిన్ బాగానే ఉంది.)

నా టెన్షన్ అంతా ఆయన పాదాల గురించే, షుగర్ ఎక్కువుంటే పాదాల్లో స్పర్శ తగ్గొచ్చు కదా. మొన్న పొలంలో ముల్లు దిగితే సాయంత్రం దాకా తెలియనే లేదట. మడమ పక్కన ఇంకా ఎర్రగా ఉంది. రేపు డాక్టరుకు ఆ పాదం చూపించి, కంటి రెటీనా పరీక్ష, కిడ్నీ కోసం మూత్ర పరీక్ష కూడా చేయిస్తాను.