తడి ఆరకూడని నల్ల మడ్డి

ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి పాతపట్నం దాటి పనికి వెళ్లే కుర్రవాళ్లలో చాలామంది ఇప్పుడు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు మందుల ఫ్యాక్టరీలలో చేరుతున్నారు. పక్కింటి అబ్బాయి కూడా రెండు నెలల క్రితం అలాగే చేరాడు. మొన్న ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు చెయ్యి చాచి, "బాబాయ్, ఇవి చెమటకాయలా, పనివల్ల వచ్చినవా?" అని అడిగాడు. గ్లవ్స్ అంచు ఆగే చోట, మణికట్టు చుట్టూ కంకణం తొడిగినట్టు ఎర్రటి పొక్కులు లేచాయి. గోకిన చోట చర్మం చెమ్మగా ఉంది. ఏం పని ఇచ్చారని అడిగితే, "హైడ్రోజనేషన్ బ్లాకులో డ్రమ్ములోంచి నల్ల మడ్డి తీసి రియాక్టర్‌లో పోస్తాను" అన్నాడు. ఆ మడ్డి ఏమిటో, అది ఏం చేయగలదో వాడికి ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఆ పదార్థం పక్కనే గడిపాను కనుక, వాడికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను.

దాని పేరు రేనీ నికెల్. నూనెలను గట్టిపరిచి వనస్పతి వంటివి తయారు చేయడానికి ముర్రే రేనీ అనే అమెరికన్ ఇంజనీరు 1920లలో దీన్ని రూపొందించాడు. నికెల్‌ను, అల్యూమినియంను దాదాపు సగం సగంగా కలిపి కరిగించి, చల్లారిన ముద్దను పొడి చేసి కాస్టిక్ సోడా ద్రావణంలో వేస్తే, అల్యూమినియంలో చాలా భాగం కరిగిపోయి, మిగిలిన నికెల్ కంటికి కనిపించని రంధ్రాలతో స్పంజిలా నిలుస్తుంది. ఒక్క గ్రాములో ఆ రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే దాదాపు 100 చదరపు మీటర్లు, అంటే సుమారు 120 గజాల ఇంటిస్థలమంత వస్తుంది. ఆ స్థలం నిండా హైడ్రోజన్ పట్టి ఉంటుంది. రియాక్టర్ అనే మూసిన పాత్రలో మందు పదార్థాలకు హైడ్రోజన్ కలపడాన్ని హైడ్రోజనేషన్ అంటారు; దానికి పనికివచ్చే గుణమూ అదే, ప్రాణం మీదికి తెచ్చే గుణమూ అదే. ఆరి గాలి తగిలితే అగ్గిపుల్లతో పని లేకుండా తనంతట తానే అంటుకుంటుంది. అందుకే దాన్ని ఎప్పుడూ నీటి అడుగున ఉంచుతారు. నీటిలో ఉన్నా కొద్దికొద్దిగా హైడ్రోజన్ వదులుతూనే ఉంటుంది కనుక, గాలి పోయే దారి లేకుండా మూత బిగించిన డ్రమ్ములో ఒత్తిడి పెరుగుతుంది. మూత తీసేటప్పుడు ముఖం పక్కకు ఉంచి మెల్లగా వదులు చేయాలి; దగ్గరలో నిప్పు గాని, రవ్వ లేచే పనిముట్టు గాని ఉండకూడదు.

రియాక్టర్‌లో పోసేటప్పుడు అందరూ భయంగానే ఉంటారు. లోపలి గాలిని ముందుగా నైట్రోజన్‌తో తరిమి, ఆ తరువాతే హైడ్రోజన్ ఇవ్వాలన్న సంగతి కొత్తవాడికి కూడా మొదటి రోజే నేర్పుతారు. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం వరకు హైడ్రోజన్ ఎంత కలిసినా అంటుకుంటుంది. దానికి బట్టల రాపిడిలో పుట్టే చిన్న రవ్వ కూడా చాలు. పైగా లోపల మిథనాల్ వంటి ద్రావకం ఉంటుంది. ఈ భయం మంచిదే. అయితే నేను కళ్లారా చూసిన మంటలు రియాక్టర్ దగ్గర పుట్టలేదు. పని అయిపోయిందనుకున్న తరువాత, మడ్డిని వడకట్టే ఫిల్టర్ గుడ్డ దగ్గర, తుడిచి పారేసిన పీలికల దగ్గర, గట్టు మీద మిగిలిపోయిన చారల దగ్గర పుట్టాయి.

నేను మొదట పనిచేసిన ఫ్యాక్టరీలో ఒక మధ్యాహ్నం షిఫ్టులో, ఫిల్టర్ కింద చిందిన చెంచాడు మడ్డిని ఎవరో నూలు పీలికతో తుడిచి, దాన్ని మెట్ల కటకటాల మీద వేసి టీకి వెళ్లారు. వైశాఖమాసపు ఎండ. ఆ పీలిక అంచులు ముందు బూడిదరంగుకు తిరిగాయి. దగ్గరగా చూస్తే అగరుబత్తి కొసలాంటి ఎర్రటి చుక్కలు, పొగ కూడా లేకుండా, నూలు పోగుల వెంట ఒక్కొక్కటిగా పాకుతున్నాయి. మూడు గజాల దూరంలో మూత లేని ద్రావకం డ్రమ్ము ఉంది. పక్కన ఇసుక బకెట్టు ఉండబట్టి ఆ రోజు గడిచింది. చిందినది ఆరకముందు నీరే దానికి రక్ష. అంటుకున్న తరువాత మాత్రం పొడి ఇసుకో, లోహపు మంటల కోసం చేసిన పొడో వాడాలి. కాలుతున్న లోహం మీద నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట పెరగగలదు. ఫిల్టర్ గుడ్డ ఆరిపోయేదాకా వాక్యూమ్ లాగకూడదు. మడ్డి మీద నీరో ద్రావకమో నిలిచి ఉండగానే ఆపి, నైట్రోజన్ కింద తడిగానే తీసి, నీళ్లున్న డ్రమ్ములోకి దించాలి. పని ముగిశాక గొట్టాన్నీ, గట్టునూ, తుడిచిన గుడ్డనూ, చేతి గ్లవ్స్‌నూ కడగాలి.

ఇక శరీరం సంగతి. పక్కింటి అబ్బాయికి వచ్చినది నికెల్ అలర్జీలా నాకు కనిపించింది, చర్మం మీద పట్టీ అంటించి చూసే పాచ్ పరీక్షతో తేల్చవలసినవారు చర్మవైద్యులు. చెమట నికెల్‌ను కొద్దిగా కరిగిస్తుంది. గ్లవ్స్ లోపలికి జారిన మడ్డి నీరు చెమటతో కలిసి అక్కడే నానుతుంది. ఒకసారి ఆ అలర్జీ పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం పోదు. పని మానేసిన తరువాత కూడా గడియారం గొలుసు, బెల్టు బకిల్, చవక చెవిపోగులు తగిలిన చోటల్లా దురద లేస్తుంది. నా ఎడమ మణికట్టుకు ఈనాటికీ స్టీలు గొలుసు పడదు. అందుచేత పొడుగు అంచున్న నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, అంచును చొక్కా చేతుల మీదికి లాగి, లోపల తడి తగిలిన క్షణమే మార్చుకోవాలి.

ఊపిరితిత్తులకు జరిగే హాని ఇంకా నెమ్మదిగా వస్తుంది, కనుక దాని గురించి నాకు ఎక్కువ దిగులు. ఎండి ధూళి అయిన మడ్డి పీల్చినవారిలో కొందరికి ఉబ్బసం వస్తుంది. నికెల్ శుద్ధి కర్మాగారాలలో దీర్ఘకాలం పనిచేసిన కార్మికులకు ఊపిరితిత్తుల, ముక్కు లోపలి కుహరాల క్యాన్సర్లు ఎక్కువగా రావడం గమనించిన మీదట, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1990లో నికెల్ సమ్మేళనాలను మనుషులకు క్యాన్సర్ కలిగించేవిగా ప్రకటించింది; లోహరూపంలోని నికెల్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటిలో చేర్చింది. గాలి తగిలి ఎండిన మడ్డి ఆక్సైడ్‌గా మారుతుంది, అంటే సమ్మేళనమే అవుతుంది. కనుక ఆ నేలను చీపురుతో ఊడవకూడదు, గాలి గొట్టంతో ఊదకూడదు, తడిపి తుడవాలి. యూనిఫాంను ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. కార్బన్ మోనాక్సైడ్ తగిలే చోట్ల, ముఖ్యంగా ఎరువుల ఫ్యాక్టరీలలో, మరో ప్రమాదముంది: సన్నటి నికెల్‌తో అది కలిస్తే నికెల్ కార్బొనిల్ పుడుతుంది. అది 43 డిగ్రీలకే మరిగిపోయే ద్రవం, దాని ఆవిరి తీవ్రమైన విషం. మొదట తలనొప్పి వచ్చి తగ్గినట్టే ఉండి, అనేక గంటల తరువాత ఊపిరి అందకుండా పోతుంది. తగ్గింది కదా అని ఇంటికి పోకూడదు.

వాడేసిన మడ్డిలో మంట గుణం చచ్చిపోదు. ఆవరణ మూల కుప్ప పోయడం నేరం కూడా; 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం 90 రోజులకు మించి నిల్వ ఉంచకుండా, తడిగానే, అనుమతి ఉన్నవారికి అప్పగించాలి.

చేసే పనిలోని ప్రమాదాన్ని కార్మికుడికి తెలియజేయడం యజమాని బాధ్యత అని భోపాల్ తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41బి సెక్షన్ చేర్చారు. కానీ మా ఊరి పిల్లల ఇబ్బంది అటువంటి సెక్షన్లకు అందదు. వీళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదివింది ఒడియా మీడియం. ఆ ఫ్యాక్టరీలో హెచ్చరిక బోర్డులు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. బోర్డు ముందు నిలబడి మా అబ్బాయి ఒక్క ముక్క కూడా చదవలేడు, ఇంకొకరు గట్టిగా చదివితే మాత్రం ప్రతి మాటా అర్థమవుతుంది. తెలుగువాడు కదా, చదివే ఉంటాడని అక్కడివారు అనుకుంటున్నారు. ఇది చదివినవారు దయచేసి అటువంటి పిల్లలకు గట్టిగా చదివి వినిపించండి.

ఆ రాత్రి నేను తెలుగు మాటలనే ఒడియా లిపిలో ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. వాడితో పాటు గదిలో ఉండే మరో ముగ్గురు కూడా ఇటువాళ్లేనట. వాళ్లకోసం మూడు నకళ్లు తీసుకుని, బరంపురంలో చర్మవైద్యుడికి చూపించుకోవడానికి బయలుదేరాడు. కాగితంలో మొదటి వాక్యం ఇది: చిందినది ఆరకముందే తడిపి తుడువు, తుడిచిన గుడ్డను నీళ్ల బకెట్టులో వేసి, అది మునిగిందని చూసుకున్నాకనే టీకి వెళ్లు.