అనుమతుల చిక్కుముడి: ముందు ఏ పోగు పట్టుకోవాలి

బెంగళూరులో ఇరవై గదుల లాడ్జి నడపాలంటే ఎన్ని ఆఫీసుల గడప తొక్కాలో ఒక కాగితం మీద రాసి చూడండి. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, దుకాణాలు-వాణిజ్య సంస్థల చట్టం కింద కార్మిక శాఖలో నమోదు, జీఎస్టీ, వంటగది ఉంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార లైసెన్సు, లిఫ్టు ఉంటే విద్యుత్ తనిఖీ శాఖ లైసెన్సు, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి, కట్టడం ఎత్తును బట్టి అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ, విదేశీయులు దిగితే ఇమిగ్రేషన్ వెబ్‌సైటులో ఖాతా, రిసెప్షన్‌లో పాటలు పెడితే మ్యూజిక్ లైసెన్సు. చెన్నైలో శాఖల పేర్లు మారతాయి, జాబితా పొడవు పెద్దగా మారదు.

నిబంధనలు ఎక్కువయ్యాయని అందరూ అంటారు. ఏది తీసేయాలి, ఏది ఉంచాలి అని అడిగితే మాట తడబడుతుంది. ఫారం తీసుకెళ్లి వెబ్‌సైటులో పెట్టి దాన్నే సరళీకరణ అంటే ఒప్పుకోకూడదు. కౌంటరులో అడిగిన పద్నాలుగు కాగితాలనే స్కాన్ చేసి ఎక్కించమంటే, జిరాక్స్ షాపుకు పోయే డబ్బు సైబర్ సెంటరుకు పోతుంది, అంతే.

ఈ అనుమతుల సమీక్ష ఇలా మొదలుపెట్టాలి. ఒక్కో అనుమతికి ఒక్కో వరుస గీసి అందులో ఈ సంగతులు రాయాలి: ఏ చట్టం, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారు? ఏ కీడును ఆపడానికి? ఏ కాగితాలు, ఎన్ని రోజులు, ఎంత ఫీజు? గడువు ఎప్పుడు తీరుతుంది? మొదటి గడి నింపబోయేసరికే కొన్ని వరుసలు తేలిపోతాయి, ఎందుకంటే వాటికి సెక్షనే దొరకదు. ఎప్పటిదో సర్క్యులర్ ఉంటుంది, లేదా ఆఫీసు అలవాటు ఉంటుంది. ముందుగా కొట్టేయాల్సినవి ఇవే. 1998లో దక్షిణ కొరియా దాదాపు ఈ దారినే పట్టింది. 11,000కు పైగా ఉన్న నిబంధనలను ఏకరువు పెట్టించి, ఎందుకు ఉండాలో చెప్పే భారం శాఖల మీదే వేసింది. ఏడాది తిరక్కుండా వాటిలో దాదాపు సగం పోయాయి. మన దగ్గర భారం ఎప్పుడూ అర్జీదారుడి మీదే.

రెండో దశలో కాగితాల గడి చూడాలి. అద్దె ఒప్పందం, కట్టడం ప్లాను, పాన్, యజమాని గుర్తింపు పత్రం అన్ని ఆఫీసులూ అడుగుతాయి. ఒకసారి ఇచ్చినవాటిని మిగతా శాఖలు అక్కడి నుంచే తీసుకుంటే అర్జీల బరువు బాగా తగ్గుతుంది. గడువు తేదీలనూ ఒకచోట పేర్చి చూడండి. ట్రేడ్ లైసెన్సు ఆర్థిక సంవత్సరం లెక్కన నడుస్తుంది, కాలుష్య సమ్మతి మరో లెక్కన. చిన్న లాడ్జీలకు ఇలా ఏదో ఒక తేదీ మరిచిపోవడం వల్ల కూడా జరిమానాలు పడతాయి. అన్నిటినీ మార్చి 31కి తేవడానికి చాలాచోట్ల చట్టం మార్చక్కర్లేదు, రూల్సు సవరిస్తే చాలు. దీన్ని ఎవరూ పెద్ద సంస్కరణగా లెక్కపెట్టరు, కానీ లాడ్జి మేనేజరుకు దీనికన్నా మేలు చేసేది ఇంకోటి లేదు.

ఎన్ని రోజులు అన్న గడిలో ఒక మోసం దాగి ఉంటుంది. కర్ణాటకలో ప్రభుత్వ సేవలు గడువులోగా అందాలని చెప్పే 2011 నాటి సకాల చట్టం ప్రకారం గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 500 వరకు పరిహారం అడగవచ్చు. గడువు దాటకుండా చూసుకునే చిట్కా కూడా అందరికీ తెలిసిందే: చివరి రోజున ఒక అభ్యంతరం రాసి ఫైలు వెనక్కి పంపడం. దానికి జవాబిస్తే ఇంకో అభ్యంతరం. అడగాల్సినవన్నీ మొదటి అయిదు రోజుల్లో ఒకేసారి అడగాలి, ఆ తర్వాత కొత్తవి చెల్లవు అని ఒక్క వాక్యం రూల్సులో చేరిస్తే ఈ ఆట కట్టు.

ఇక ఖర్చు. నెదర్లాండ్స్‌లో రూపుదిద్దుకున్న లెక్క ఒకటి ఉంది: పనికి పట్టే సమయం, గంటకు జీతం, ఏడాదికి ఎన్నిసార్లు, ఈ మూడింటినీ గుణించడం. విదేశీ అతిథి వివరాలు 24 గంటల్లో పంపే, ఫారం-సి అని పిలుస్తూ వచ్చిన ఫారాన్ని తీసుకుందాం. ఒక హోటలుకు ఏడాదికి 400 మంది విదేశీయులు వస్తారనీ, ఒక్కొక్కరికి పావుగంట పడుతుందనీ అనుకుంటే వంద గంటలు. గంటకు 150 రూపాయలు వేసుకుంటే 15,000. విదేశీయుల చట్టం 1946ది పోయి 2025 సెప్టెంబరు 1 నుంచి ఇమిగ్రేషన్-విదేశీయుల చట్టం వచ్చినా ఈ బాధ్యత అలాగే ఉంది, ఉండాలి కూడా. ఆ పావుగంటను విడదీసి చూస్తే, పాస్‌పోర్టు వివరాలను క్లర్కు ఒకసారి హోటల్ సాఫ్ట్‌వేర్‌లో, మళ్లీ ప్రభుత్వ సైటులో టైపు చేస్తున్నాడు. నంబరులో ఒక అక్షరం తప్పు పడేది ఆ రెండోసారే. సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా పంపే వీలుంటే నిబంధనను ముట్టుకోకుండానే ఖర్చులో చాలా భాగం పోతుంది.

కీడు గడి నింపడం అన్నిటికన్నా కష్టం. అగ్నిమాపక నిబంధన మీద ఎవరైనా కత్తెర పెడతానంటే 2010 ఫిబ్రవరి గుర్తుచేయాలి. బెంగళూరు కార్ల్‌టన్ టవర్స్ అగ్నిప్రమాదంలో 9 మంది పోయారు. ఈ నిబంధనకు కావలసింది సడలింపు కాదు, మెట్ల తలుపు నిజంగా తెరుచుకుంటుందా అని వచ్చి చూసే తనిఖీ. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ 2009 చివర్లో వచ్చిన రెండు నెలల విరామం. టూరిస్టు వీసా మీద వచ్చి వెళ్లినవారు, ముందుగా అనుమతి తీసుకుని ఉంటే తప్ప, రెండు నెలల లోపు తిరిగి రాకూడదన్నారు. ముంబై 26/11 దాడులకు ముందు రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీ కేసు వల్ల వచ్చిన నిబంధన ఇది. అతను తిరిగింది బిజినెస్ వీసా మీద! దెబ్బ తగిలింది మాత్రం మహాబలిపురం చూసి, కొలంబో వెళ్లి, మళ్లీ చెన్నైలో దిగాలనుకున్న పర్యాటకుడికి. 2012 చివర్లో కొన్ని దేశాలవారికి తప్ప దాన్ని ఎత్తేశారు. ఏ కీడును ఆపుతుందో ముందే రాసుకుని ఉంటే మూడేళ్లు పట్టేది కాదు.

బస్సుల సంగతి వేరు. బెంగళూరు మడివాళలో రాత్రి వేళ వరుసగా ఆగిన ప్రైవేటు స్లీపర్ బస్సుల నంబరు ప్లేట్లు చూడండి. కె.ఎ. పక్కనే ఎన్.ఎల్. (నాగాలాండ్), ఎ.ఆర్. (అరుణాచల్) కనిపిస్తాయి. ఆ బస్సులు కోహిమా మొహం చూసి ఉండవు. పన్ను ఎక్కడ తక్కువో అక్కడ రిజిస్ట్రేషన్. 2021 ఏప్రిల్ నుంచి అఖిల భారత టూరిస్టు పర్మిట్ ఫీజును ఆన్‌లైన్‌లో ఒక్కచోట కట్టే ఏర్పాటు వచ్చింది, 2023లో ఆ రూల్సునే తిరగరాశారు. కాగితం తగ్గింది, తగవు తగ్గలేదు. వాహనాల మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్ర జాబితాలో, 57వ అంశంగా ఉంది. పైగా టూరిస్టు పర్మిట్ ఉన్న బస్సు దారిలో టికెట్లు కోస్తూ ఎక్కించుకుంటే అది టూరిస్టు బస్సు కాదని రాష్ట్రాల వాదన. ఆ వాదనలో న్యాయం ఉంది. 2024 జూన్‌లో తమిళనాడు బయటి రిజిస్ట్రేషన్ ఉన్న ఆమ్నీ బస్సులను (ప్రైవేటు దూరప్రయాణ బస్సులను) ఆపింది. 2025 నవంబరులో పొరుగు రాష్ట్రాల పన్నుల మీద తమిళనాడు ఆపరేటర్లే సర్వీసులు నిలిపేశారు. దీన్ని వెబ్‌సైటు పరిష్కరించలేదు. దక్షిణాది రాష్ట్రాలు కూర్చుని పన్ను పంపకం తేల్చుకోవాల్సిందే.

నిబంధనలు విడివిడిగా బాగున్నా ఒకేచోట పేరుకుంటే ఏమవుతుందో తెలియాలంటే బెంగళూరు నుంచి బండీపుర అడవి మీదుగా ఊటీ దారి చూడాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారి మూత. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సిన ఈ-పాస్. 2025 ఏప్రిల్ నుంచి జూన్ వరకు నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాల పరిమితి. వాటికి తోడు ప్లాస్టిక్ సోదా, ట్యాక్సీ అయితే పన్ను చీటీ. వీటిలో ఒక్కటి కూడా తీసేయదగ్గది కాదు. అయినా ఒక్కోటి ఒక్కో శాఖది కాబట్టి రాష్ట్రాల సరిహద్దులోని కక్కనహళ్ల చెక్‌పోస్టు దగ్గర బండి ఆగి ఆగి వెళ్లాలి. పాస్, పన్ను, ప్రవేశ రుసుము ఒకే క్యూఆర్ కోడ్‌లో పెట్టి, ఒకే మనిషి చూసి పంపేలా చేయాలి. ఈ-పాస్ వల్ల ఇంకో మేలూ ఉంది. రోజుకు ఎన్ని బండ్లు ఎక్కుతున్నాయో లెక్క చేతికొచ్చింది. కొండ ఎంత మోయగలదో తేల్చే అధ్యయనాన్ని ఐఐటీ మద్రాసుకు, ఐఐఎం బెంగళూరుకు అప్పగించారు. పరిమితి అంకె ఆ అధ్యయనం నుంచి రావాలి.

కొత్త ముసాయిదా వచ్చినప్పుడు మన పర్యాటక రంగ సంఘాలు చేసే పొరపాటు, ‘మా రంగం నష్టపోతుంది’ అని ఒక పేజీ వినతిపత్రం ఇవ్వడం. కేంద్ర ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని 2014 నాటి విధానం చెబుతుంది. ఆ వ్యవధిలో పంపే జవాబులో క్లాజు నంబరు, దాని వల్ల ఒక సంస్థకు ఏడాదికి పడే గంటలు, రూపాయలు, దాని బదులు ఉండాల్సిన వాక్యం, ఈ మూడూ ఉండాలి. బదులు వాక్యాన్ని ముసాయిదా భాషలోనే రాసి ఇవ్వండి. ఫైలు చూసే అధికారి దాన్ని యథాతథంగా ఎత్తి పెట్టుకోగలగాలి.