మిట్ట దారికి కరెంటు సైకిలు

నేను పని చేసే పాఠశాల ఉదయగిరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, వెలికొండల అంచున ఉన్న ఒక పల్లెలో ఉంది. పొద్దున వెళ్లేటప్పుడు మొత్తం మీద 140 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఉదయగిరి కోట ఉన్న దుర్గం కొండ మూడు వేల అడుగులకు పైగా ఉంటుంది కాబట్టి దాని పక్కన ఈ ఎత్తు ఒక లెక్కలోనిది కాదనిపిస్తుంది కానీ, యాభై దాటిన మోకాళ్లతో, వీపున పరీక్ష పేపర్ల సంచితో, చైత్ర వైశాఖాల ఎండలో ఎక్కేవాడికి అది చాలా ఎత్తే. మోటారు సైకిలు వద్దనుకున్నాను. మామూలు సైకిలు మీద బడికి చేరేసరికి చొక్కా తడిసి ముద్దయ్యేది. అందువల్ల, కాళ్లకు కొంత పని ఉంటూనే బ్యాటరీ సాయం చేసే సైకిలు కొనాలని నిశ్చయించుకున్నాను.

నెల్లూరులో ఒక దుకాణానికి వెళితే, ఒకసారి చార్జి చేస్తే ఎన్ని కిలోమీటర్లు వస్తుందన్నదే మొదటి మాటా చివరి మాటా అయింది. ట్రంకు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చూడమన్నారు. గచ్చులా చదునుగా ఉన్న ఆ రోడ్డు మీద అమ్మకానికి పెట్టిన ప్రతి సైకిలూ గుర్రంలాగే పరుగెత్తింది. మిట్ట ఎక్కే బండిని మిట్ట మీదే చూడాలి. అది కుదరకపోతే కనీసం ఊళ్లో రైలు పట్టాల మీదుగా పోయే వంతెనైనా ఎక్కించాలి, అదీ సంచిలో రోజూ మోసేంత బరువు పెట్టుకుని, వంతెన సగంలో ఆగి, మళ్లీ అక్కడి నుంచే బయలుదేరి చూడాలి. ఆ రోజు కొనకుండా తిరిగి వచ్చాను.

వచ్చాక చేసిన మొదటి పని నా దారిని కొలవడం. ఇంటి పక్క మేస్త్రీని అడిగి రసమట్టం తెచ్చుకుని, సరిగ్గా ఒక మీటరు పొడవున్న పలకను రోడ్డు వాలు వెంట పెట్టి, బుడగ మధ్యకు వచ్చేదాకా పల్లపు వైపు కొసను పైకెత్తాను. నేలకూ పలకకూ మధ్య ఎన్ని సెంటీమీటర్లు ఉంటే అక్కడ వాలు అంత శాతం. ఎక్కే చోట్లలో ఎక్కువ భాగం మూడు నాలుగు శాతమే ఉంది. ఒక కల్వర్టు దాటాక మాత్రం 300 మీటర్ల మేర 9 శాతం వచ్చింది. గొర్రెలు తోలుకుపోయే పెద్దాయన ఒకరు ఆగి, “ఏంది అయివోరా, రోడ్డుకు జబ్బు చేసిందా, అట్టా చూస్తా ఉండారు?” అని అడిగారు. ఆయన మాట సగం నిజమే, నా ఎంపిక మొత్తం ఆ మూడు వందల మీటర్ల మీదే ఆధారపడింది.

లెక్క ఇలా వేసుకున్నాను. నేను 72 కిలోలు, సైకిలు 24, సంచి, అన్నం క్యారియరు, నీళ్ల సీసా కలిపి తొమ్మిది, మొత్తం 105 కిలోలు. తొమ్మిది శాతం వాలు మీద ఇంత బరువును నిలకడగా పైకి నెట్టడానికి, టైర్ల రాపిడిని కూడా కలుపుకుంటే, సుమారు 104 న్యూటన్ల బలం కావాలి. గంటకు పది కిలోమీటర్ల వేగంతో ఎక్కితే అది 290 వాట్లకు దగ్గరగా వస్తుంది. నేను ఆయాసపడకుండా ఇవ్వగలిగేది నూరు వాట్లు, మిగిలిన 190 మోటారు ఇవ్వాలి. మన దేశంలో కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేకుండా నడపాలంటే మోటారు 250 వాట్ల లోపు ఉండాలి, గంటకు 25 కిలోమీటర్లకు చేరేసరికి దాని సాయం ఆగిపోవాలి. కాగితం మీద 250లో 190 తేలికగానే ఇముడుతుంది.

చిక్కంతా మోటారు ఎక్కడ ఉందన్న దానిలో ఉంది. మన దుకాణాల్లో దొరికే వాటిలో ఎక్కువ భాగం వెనక చక్రం ఇరుసులో మోటారు ఉన్నవే. ఈ హబ్ మోటారుకు సైకిలు గేర్లతో సంబంధం లేదు, చక్రం ఎంత వేగంగా తిరిగితే అదీ దానికి తగినట్టే తిరగాలి. పాతిక కిలోమీటర్ల వేగానికి అనువుగా చుట్టిన మోటారును పది కిలోమీటర్ల వేగంతో మిట్ట మీద లాగిస్తే, బ్యాటరీ ఇచ్చిన కరెంటులో పెద్ద భాగం వేడిగా మారిపోతుంది. నలభై మూడు డిగ్రీల ఎండలో ఆ వేడి పోవడానికి దారి కూడా ఉండదు. పెడళ్ల దగ్గర అమర్చే మిడ్ డ్రైవ్ మోటారుకు ఈ బాధ లేదు, అది గొలుసు ద్వారా గేర్లను వాడుకుంటుంది కాబట్టి చిన్న గేరులో హాయిగా తిరుగుతూ ఎక్కుతుంది. రోజూ ఐదారు కిలోమీటర్ల కనుమ దారి ఎక్కేవారికి నేను మరో ఆలోచన లేకుండా అదే చెబుతాను. అయితే దాని ధర ఎక్కువ, గొలుసూ పళ్లచక్రాలూ త్వరగా అరుగుతాయి, పాడైతే బాగుచేసేవారు మా చుట్టుపక్కల లేరు. నా దారిలో గట్టి మిట్ట మూడు వందల మీటర్లే కనుక హబ్ మోటారుకే మొగ్గాను. కానీ 29 అంగుళాల చక్రాలు వద్దని 26 అంగుళాలవి తీసుకున్నాను. అదే మోటారు చక్రం చిన్నదైతే నేల మీద ఎక్కువ బలం చూపుతుంది. ముందు చక్రంలో మోటారు ఉన్న సైకిలును చూసీ వదిలేశాను, మిట్ట ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోయి, కంకర మీద ముందు చక్రం ఉన్నచోటే తిరుగుతుంది.

మిట్ట మీద తొక్కడం తేలికయ్యేందుకు వెనక ఫ్రీవీలు, అంటే వెనక చక్రానికి గొలుసు తగులుకునే పళ్లచక్రాల కట్ట, మాత్రం మార్పించాను. పెద్ద పళ్లచక్రానికి 28 పళ్లు ఉండేవి, 34 పళ్లది వేయించాను. ఇది కొన్ని వందల రూపాయల పని. మిట్ట మొదలయ్యే ముందే గేరు తగ్గించి, పెడళ్లను వేగంగా తొక్కుతూ పన్నెండు కిలోమీటర్ల వేగం పడిపోకుండా చూసుకుంటే మోటారు చేతికి గోరువెచ్చగానే తగులుతుంది. థ్రాటిల్ (యాక్సిలరేటరు) తిప్పి కాళ్లు కదపకుండా ఒకే ఒక్కసారి ఎక్కాను, పైకి చేరాక మోటారును ముట్టుకుంటే చేయి చురుక్కుమంది.

బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు, అంటే 360 వాట్ అవర్లు. వెళ్లేటప్పుడు ఎనభై తొంభై ఖర్చవుతాయి, వచ్చేటప్పుడు అందులో మూడో వంతు కూడా పట్టదు. రోజు విడిచి రోజు చార్జి చేస్తే సరిపోతుంది, ఒకసారి నింపడానికి అర యూనిట్ కరెంటు చాలు. దుకాణంవారు చెప్పిన కిలోమీటర్లలో సగం వస్తే మేలనుకున్నాను, సగానికి కాస్త పైనే వస్తోంది. బడికి చేరగానే బ్యాటరీ ఊడదీసి నీడలో పెడతాను. ఇంటికి వచ్చాక అరగంట చల్లారనిచ్చి అప్పుడు చార్జికి పెడతాను.

ఎక్కడం గురించి ఇంత ఆలోచించిన నేను దిగడం గురించి ఆలోచించింది తక్కువ. సైకిలుతో వచ్చిన రబ్బరు బ్రేకులు సాయంత్రం ఆ మూడు వందల మీటర్లు దిగేటప్పుడు కీచుమంటూ జారాయి, ఎదురుగా బర్రెల మంద ఉంది. గట్టు మీదికి తిప్పి నిలబెట్టగలిగాను కానీ, మర్నాడే డిస్కు బ్రేకుల కోసం బయలుదేరాను. ఫ్రేముకూ ముందు ఫోర్కుకూ డిస్కు బ్రేకు బిగించే చోటు ఉండడం నా అదృష్టం, కొనేటప్పుడు దాన్ని చూసుకోలేదు. నూనెతో పని చేసే హైడ్రాలిక్ బ్రేకులు మెత్తగా బాగా పడతాయి, అందులో సందేహం లేదు. అయినా తీగతో లాగేవే వేయించాను, ముందు డిస్కు మాత్రం 180 మిల్లీమీటర్లది. తీగ తెగితే ఏ పల్లెలో సైకిలు షాపులోనైనా దొరుకుతుంది. వాలు పొడవునా బ్రేకు నొక్కి పట్టకుండా, ముందుదీ వెనకదీ మార్చి మార్చి నొక్కి వదలడం అలవాటు చేసుకున్నాను. దిగేటప్పుడు మోటారు తిరగబడి బ్యాటరీని నింపుతుందని కొందరు అనుకుంటారు గానీ, నా సైకిలుకు ఉన్నటువంటి, తన లోపలే వేరే గేర్లున్న హబ్ మోటారులో దిగేటప్పుడు చక్రం మోటారును తిప్పదు, అందువల్ల ఆ లాభం ఉండదు.

ఇక సర్కారు తుమ్మ. మెట్ట ప్రాంతంలో రోడ్డు పక్క కంప కొట్టిన వారం రోజులు పంచరు కాని చక్రం ఉండదు. రెండంగుళాల మందపు టైర్లు వేయించి, ట్యూబుకూ టైరుకూ మధ్య దళసరి పట్టీ పెట్టించాను. వెనక చక్రం విప్పాలంటే మోటారు తీగ ఊడదీసి, ఇరుసు నట్లు వదులు చేయాలి, ఆ నట్లకు సరిపోయే 18 నంబరు స్పానరు లేకపోతే రోడ్డు మీద ఏమీ చేయలేం. చాలాసార్లు చక్రం విప్పనక్కర లేకుండానే టైరును ఒక పక్క తప్పించి, ట్యూబు బయటికి లాగి అతుకు వేయవచ్చు. వీపు సంచిని మానేసి బరువును వెనక క్యారియరుకు రెండు పక్కలా కిందికి వేలాడే సంచుల్లోకి మార్చాక చెమట సగం తగ్గింది.

కార్తీకం ముసురు నాటికి ఒక పనే మిగిలింది. మోటారు తీగ కలిసే చోట నీరు చేరి ఒకరోజు బండి దారిలో మొరాయించింది, ఆ రోజు 24 కిలోల సైకిలును కల్వర్టు నుంచి పైదాకా తోసుకుంటూ పోయాను. ఇప్పుడు ఆ కలయికకు గ్రీజు పూసి, పాత ట్యూబు ముక్క తొడిగి, నీరు జారిపోయేలా తీగను కిందికి వంచి కట్టాను. ఈ ఏడు ముసురులో ఇంతవరకు ఆగలేదు.