డా నాంగ్ గుహలో ఇంకో అమరావతి

వియత్నాంలోని డా నాంగ్‌లో మేం నాలుగు రోజులున్నాం. హోయ్ ఆన్ దీపాల గురించి, గోల్డెన్ బ్రిడ్జి గురించి ఇప్పటికే చాలామంది రాశారు, ఆ ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి, వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది మూడో రోజు వెళ్లిన గైడెడ్ టూర్ గురించి. అందులోనూ ఆ మధ్యాహ్నం ఒక కొండ గుహల్లో మాకిచ్చిన 40 నిమిషాల గురించి, దాని కిందే రాతి బొమ్మల షాపులో కూర్చోబెట్టిన గంట గురించి. ఇంటికొచ్చి నెల దాటింది, ఆ కోపం ఇంకా తగ్గలేదు.

అమ్మ, నేను, మా ఆయన. అమ్మకు 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, పూర్తి శాకాహారి. అందుకే బండి అద్దెకు తీసుకుని సొంతంగా తిరిగే ఆలోచన మానేసి వ్యాన్‌లో టూర్ బుక్ చేశాం. మనిషికి 9 లక్షల దోంగులు. రూపాయికి 300 దోంగుల లెక్కన 3 వేలు. నోట్ల మీద సున్నాలు చూసి మొదటి రోజంతా కంగారు పడ్డాం. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలంగానే ఉంటాయి, చీకట్లో టాక్సీ దిగేటప్పుడు జాగ్రత్త. అమ్మ మూడో రోజుకల్లా రెండింటినీ విడివిడిగా రెండు కవర్లలో పెట్టుకుంది, మాకెవరికీ తట్టలేదు ఆ పని.

పొద్దున హై వాన్ కనుమ. 2005లో కొండ కింద సొరంగం తెరిచాక బస్సులు, లారీలు చాలావరకు అటే పోతున్నాయి, పైన ఘాట్ రోడ్డు బైకులకూ మనలాంటి వాళ్లకూ మిగిలింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, లోయ చివర సముద్రం. మా వైపు సముద్రమంటే సూర్యలంక, చదునుగా, ఎటు చూసినా ఇసుకే. కొండ, సముద్రం కలిసి కావాలంటే వైజాగ్ పోవాలి. కానీ కైలాసగిరి మీద నుంచి చూస్తే సముద్రం కింద పడుకున్నట్టుంటుంది, ఇక్కడ మబ్బు మన కాళ్ల కింద నుంచి లేచి రోడ్డు దాటి అవతలికి పోతోంది. హై వాన్ అంటే సముద్రం, మబ్బు అని గైడ్ అమ్మాయి చెప్పింది. పైన మిన్ మాంగ్ చక్రవర్తి 1826లో కట్టించిన ద్వారం ఉంది, దాని పక్కనే ఫ్రెంచి వాళ్ల కాలం బంకర్లు, గోడల నిండా తూటా దెబ్బలు. కొబ్బరి బొండం 50 వేల దోంగులు. కొనలేదు.

ఈ కనుమ ఒకప్పుడు రెండు రాజ్యాల సరిహద్దు. ఉత్తరాన వియత్నాం వాళ్ల దాయ్ వియెత్, దక్షిణాన చామ్ వాళ్ల చంపా. చంపా రాజుల పేర్లు వింటే మన చరిత్ర పుస్తకం తెరిచినట్టుంటుంది: భద్రవర్మ, శంభువర్మ, ఇంద్రవర్మ. 1306లో జయసింహవర్మ అనే చంపా రాజు ఉత్తరాది రాజకుమారి హుయెన్ త్రాన్‌ను పెళ్లి చేసుకోవడానికి కనుమకు అటువైపున్న రెండు మండలాలు వదులుకున్నాడు. అక్కడి నుంచి సరిహద్దు కొంచెం కొంచెంగా దక్షిణానికి జరుగుతూ వచ్చింది, 1471లో రాజధాని విజయ కూడా పోయింది. గైడ్ ఇదంతా మైకులో రెండు నిమిషాల్లో చెప్పేసి, ఫొటోలకు పది నిమిషాలు అంది. వ్యాన్‌లో ఉన్న పన్నెండు మందిలో విన్నది నేనూ, ముందు సీట్లో కూర్చున్న ఒక కొరియా పెద్దాయనా మాత్రమే అనుకుంటా. అమ్మ అడిగింది, "వర్మలంటున్నారు, మనవాళ్లా వీళ్లు?" అని. మనవాళ్లు కాదమ్మా, చామ్ వాళ్లు, వాళ్ల భాష వేరు, కానీ శివుణ్ణి కొలిచారు, సంస్కృతంలో శాసనాలు వేయించారు అన్నాను. అప్పటినుంచి ఆవిడకు ఒకటే పట్టుదల, శివుడెక్కడ అని.

లాంగ్ కో దగ్గర ఒక బీచ్ చూపించారు, ఎండ, పెద్దగా ఏమీ లేదు. వెనక్కి తిరిగి సోన్ ట్రా ద్వీపకల్పం. అక్కడ లిన్ ఉంగ్ పగోడాలో 67 మీటర్ల తెల్లటి అమ్మవారు సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంటుంది. అవలోకితేశ్వరుడే చైనా మీదుగా ఇక్కడికి వచ్చేసరికి స్త్రీ రూపం అయ్యాడు. చేపల వేటకు పోయేవాళ్లను కాపాడుతుందని నమ్మకం. బాగుంది, శుభ్రంగా ఉంది, టికెట్ లేదు. గంటంపావు ఇచ్చారు. విగ్రహం 2010 నాటిది, చుట్టూ తిరిగి దణ్ణం పెట్టుకోవడానికి అరగంట చాలు.

భోజనం దగ్గర నాకు చాలా టెన్షన్. ఇక్కడ చేపల సాస్ పడని వంటకం దొరకడం కష్టం. అయితే వియత్నాంలో శాకాహారాన్ని చాయ్ అంటారు. బోర్డు మీద కామ్ చాయ్ అని ఉంటే శాకాహార భోజనం అన్నమాట, బౌద్ధులు పౌర్ణమికీ చాంద్రమాసం మొదటి రోజునా ఇలాంటి చోట్లే తింటారట. గైడ్ "చాయ్, చాయ్" అని చూపిస్తుంటే అమ్మ, భోజనం వేళ టీ ఏంటమ్మా అంది. అన్నం, వేయించిన టోఫు, వెల్లుల్లి వేసిన కూర. ఆ కూర నోట్లో పెట్టుకుని అమ్మ వెంటనే గుర్తుపట్టింది: "తూటికూర!" మాచర్లలో వాళ్ల అమ్మ చెరువు గట్టు నుంచి తెచ్చి పప్పులో వేసేదట. నాకు తెలిసి గుంటూరు వచ్చాక మా ఇంట్లో ఆ కూర ఎప్పుడూ వండలేదు. బ్యాగులో నుంచి గోంగూర పచ్చడి సీసా తీసింది, కొరియా పెద్దాయనకూ కొంచెం వడ్డించింది, ఆయన రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు.

మూడింటికి మార్బుల్ మౌంటెన్స్ చేరాం. చదునైన ఇసుక నేల మీద ఉన్నట్టుండి లేచిన పాలరాతి కొండలు. లోహం, కొయ్య, నీరు, నిప్పు, నేల అని ఐదు మూలకాల పేర్లు. మన పంచభూతాల్లో గాలి, ఆకాశం ఉన్న చోట వీళ్లకు లోహం, కొయ్య ఉన్నాయి. ఎక్కేది నీటి కొండ, థుయ్ సోన్. ముఖద్వారం నుంచి 156 మెట్లు. అమ్మ కోసం లిఫ్టు తీసుకున్నాం, 15 వేల దోంగులు, అంటే 50 రూపాయలు, ఆ డబ్బుకు నాకే బాధా లేదు. గైడ్ గడియారం చూసి, నాలుగింటికి పది నిమిషాల ముందు కింద ఉండాలి అంది. లిఫ్టు క్యూ తీసేస్తే మిగిలింది 40 నిమిషాలు.

ఆ కొండ మీద పగోడాలు, పాత ద్వారాలు, అరడజను గుహలు ఉన్నాయి. మేం నేరుగా హుయెన్ ఖోంగ్ గుహకు పోయాం. వాకిట్లో నలుగురు ద్వారపాలకుల విగ్రహాలు, ఇద్దరు కొలువు ఉద్యోగులు, ఇద్దరు సేనానులు. లోపలికి మెట్లు దిగాలి. అమ్మ ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చెయ్యి మా ఆయన చేతిలో. "జాగ్రత్త అత్తయ్యగారూ, తడిగా ఉంది" అంటూ ఆయన ఒక్కో మెట్టూ ముందు తను దిగి చూస్తున్నారు.

దిగాక ముగ్గురం మాట్లాడలేదు. లోపల గుడి గోపురమంత ఎత్తు ఖాళీ, పైకప్పులో కంతలు, వాటిలోంచి పొడవాటి వెలుగు కడ్డీలు కిందికి దిగి ఉన్నాయి. అగరొత్తుల పొగ వాటిలోకి వచ్చినప్పుడు కనిపిస్తోంది, దాటగానే మాయమవుతోంది. ఎత్తున గోడలో బుద్ధుడు కూర్చుని ఉన్నాడు. యుద్ధకాలంలో ఈ గుహలోనే గెరిల్లాలు ఆసుపత్రి నడిపారు, కొండ కిందేమో అమెరికా వాళ్ల హెలికాప్టర్ల స్థావరం. నెత్తి మీద శత్రువు ఆసుపత్రి నడుస్తుంటే కింద వాళ్లు హెలికాప్టర్లు ఎగరేశారు, దించారు. ఒక పక్క గదిలో రెండు రాతి ధారలు, ఒక దానిలోంచే నీటి చుక్కలు పడతాయి, రెండోది తు దుక్ చక్రవర్తి తాకితే ఎండిపోయిందని కథ. అమ్మ ఆ చుక్కలు చేతిలో పట్టి నెత్తిన చల్లుకుంది.

తర్వాత గైడ్ దగ్గరికి పోయి తెలుగులోనే అడిగింది, "శివుడు లేడా తల్లీ ఇక్కడ?" నేను ఇంగ్లిషులో చెప్పాను. బౌద్ధులు రాకముందు చామ్ వాళ్లు ఈ గుహల్లో పూజలు చేసుకున్నారని, వాళ్ల రాళ్లు కొన్ని ఈ కొండ మీద ఇంకో చోట ఉన్నాయని ఆ అమ్మాయి చెప్పింది. ఇండియాలో ఎక్కడి నుంచి అని అడిగింది. హైదరాబాద్ అని చెప్పబోయి, ఎందుకో ఆంధ్ర అన్నాను, అమ్మ వాళ్లది గుంటూరు, పక్కనే అమరావతి అన్నాను.

"అమరావతి?" అని ఆగింది. మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను. అప్పుడు తన బూటుతో నేల మీద తట్టి, "ఇదీ అమరావతే" అంది.

చంపా రాజ్యంలో ఈ ప్రాంతం పేరు అమరావతి అట. ఇప్పటి డా నాంగ్, 2025లో దానిలో కలిపేసిన క్వాంగ్ నామ్ చుట్టుపక్కలంతా. ఇంకా దక్షిణాన విజయ, కౌఠార, పాండురంగ. గైడ్ పరీక్షకు చదువుకున్నప్పుడు ఈ పేర్లన్నీ బట్టీపట్టిందట, ఆ పేరుతో ఇప్పటికీ ఊరుందని తెలియదట. నేను రాత్రి హోటల్లో కూర్చుని చదివాను, అంతా నిజమే. ఇక్కడికి దగ్గర్లోని డోంగ్ డుయోంగ్‌లో దొరికిన కంచు బుద్ధుణ్ణి కొందరు పండితులు మన అమరావతి శిల్పంతో పోల్చారు, న్యా చాంగ్ దగ్గర దొరికిన వో కాన్ సంస్కృత శాసనం లిపిని నాగార్జునకొండ ఇక్ష్వాకుల లిపితో పోల్చారు. మాచర్లలో పుట్టిన అమ్మకు నాగార్జునకొండ అంటే స్కూలు పిక్నిక్. కార్తీకమాసంలో అమరేశ్వరుడి గుడి మెట్లు దిగి కృష్ణలో స్నానం చేసి వచ్చిన మనిషి. ఆవిడను ఆ గుహలో ఇంకో గంట కూర్చోనిస్తే ఏం పోయేది?

ఆ చామ్ రాళ్లు చూపించమని అడిగాను. గైడ్ నిజంగా బాధపడింది, టైం లేదు మేడమ్ అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు, టూర్ నడిపేవాళ్లు రాసిచ్చిన కాగితం ప్రకారం నడుచుకోవాలి. ఆ కాగితంలో తర్వాతి అంశం కింద షాపు.

షాపు అంటే చిన్నదేం కాదు. నాన్ న్యూక్ ఊరంతా శిల్పులే, తరాలుగా ఇదే పని. కొండలు కరిగిపోతాయని ఇక్కడ రాయి కొట్టడం ఆపించారు, ఇప్పుడు బయటి నుంచి రాయి తెప్పించుకుని చెక్కుతున్నారు. ముందు వరసలో సింహాలు, బుద్ధులు, గుర్రాలు, ధర అడిగితే డాలర్లలో చెబుతారు. ఓడలో ఇంటికి పంపుతాం అని వెంటపడ్డారు. నాకు మాటలు రాలేదు, అంత కోపంగా ఉన్నాను. పైన గుహ మూసేసే టైం కూడా కాలేదు. ఇక్కడ గంట.

అమ్మ కనిపించలేదు. వెదికితే షాపు వెనక రేకుల షెడ్డులో ఉంది. యంత్రాల రొద, తెల్లటి దుమ్ము, పైపుతో నీళ్లు కొడుతున్నారు. ఒక మూల ముసలాయన మర లేకుండా చేత్తోనే చెక్కుతున్నాడు, బుద్ధుడి చెవి దగ్గర. కనురెప్పల మీద దుమ్ము పేరుకుని ఉంది. అమ్మ ఆయన ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంది. మాచర్ల పక్కనే దుర్గి. అక్కడ శిల్పుల ఇళ్ల ముందు చిన్నప్పుడు ఇలాగే గంటలు గంటలు కూర్చునేదాన్ని అని మాకు ఎప్పుడూ చెబుతుండేది, మా దేవుడి గదిలో నంది దుర్గిదే, వాళ్ల నాన్న కొనిచ్చింది. ఆయన చేతిలోది చూపించి "ఉలి" అంది. ఆయన ఉలి పైకెత్తి "డుక్" అన్నాడు. అమ్మ "డుక్" అంది. ఆయన "ఉలి" అన్నాడు. తర్వాత ఉలిని అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ బరువు చూసి, కళ్లకద్దుకుని తిరిగిచ్చింది. ఆయన కాసేపు పని ఆపేసి అలాగే చూశాడు.

షెడ్డులో ఒక చిన్న కల్వం కొన్నాం, యాలకులు దంచుకోవడానికి. 5 లక్షలు చెప్పి 2 లక్షలకు ఇచ్చారు. ధర మాట్లాడింది షాపు అమ్మాయి, ముసలాయనకు అందులో ఎంత పోతుందో.

సాయంత్రం మీ ఖే బీచ్‌లో దింపారు. అలలు బాగున్నాయి. నేను చూడలేదు పెద్దగా.

మర్నాడు గోల్డెన్ బ్రిడ్జి మానేశాం. మనిషికి దాదాపు 3 వేల రూపాయల టికెట్, మా ఆయనకు వెళ్లాలనుంది, అయినా ఆయనే వద్దన్నారు. ఏడున్నరకు చామ్ మ్యూజియం తెరవగానే లోపలున్నాం. టికెట్ 60 వేల దోంగులు. 1919లో తెరిచిన పసుపు రంగు భవనం, ఏసీ లేని గదులు, కిటికీల్లోంచి చంపక పూల వాసన. నిలబడి ఉన్న వినాయకుడు, నాట్యం చేస్తున్న శివుడు, త్రా కియేవ్‌లో దొరికిన పీఠం చుట్టూ నర్తకీమణులు. నిన్న అడిగిన శివుడు ఇక్కడ అడుగడుగునా ఉన్నాడు. ఏ విగ్రహం ముందూ దీపం లేదు. మేం తప్ప ఆ గదిలో ఒక కాపలా ఆవిడ మాత్రమే ఉంది.

ఒక లింగం దగ్గర అమ్మ చెప్పులు విప్పింది. కాపలా ఆవిడ కుర్చీలోంచి సగం లేచి, అమ్మ దేన్నీ ముట్టుకోవడం లేదని చూసి మళ్లీ కూర్చుంది. అమ్మ పానవట్టం చుట్టూ ప్రదక్షిణ మొదలుపెట్టి, తూము దగ్గర ఆగి, దాన్ని దాటకుండా వెనక్కి తిరిగి వచ్చింది.