పాజ్ చెయ్యకమ్మా

"అమ్మా, నువ్వు పాజ్ చేస్తే ఫన్నీ పోతుంది. ఇంక నేను తెలుగు కామెడీ చూడను." మా తొమ్మిదేళ్లవాడు కోపంగా కూడా అనలేదు. మామూలుగా చెప్పి, లేచి తన గదిలోకి వెళ్లిపోయాడు.

శుక్రవారం రాత్రి తెలుగు కామెడీ చూడాలన్నది నేను పెట్టిన నియమం. ప్రతి జోకు దగ్గరా ఆపి ఆ మాటకు అర్థమేంటో, అది ఏ ఊరి యాసో, ఎందుకు నవ్వాలో చెప్పేదాన్ని. నవ్వకపోతే వెనక్కి తిప్పి మళ్లీ చూపించేదాన్ని. అది సినిమా కాదు, పాఠం అయిపోతోందని నాకు తెలుసు. తెలిసీ మానలేదు. వాడికి తెలుగు రాకుండా పోతుందేమోనన్న భయం నాది.

ఆ తర్వాతి వారం సినిమా వాడే ఎంచుకున్నాడు. హాలీవుడ్ హాస్యనటుడు బస్టర్ కీటన్ 1920లో తీసిన 'వన్ వీక్'. మూకీ, అరగంట కూడా లేదు. కొత్త దంపతులకు పెళ్లికానుకగా పెట్టెల్లో ఇల్లు వస్తుంది. నంబర్ల ప్రకారం బిగించుకోవాలి. పెళ్లికూతురి చేత కాదనిపించుకున్నవాడొకడు ఆ నంబర్లు మార్చేస్తాడు. ఇక ఆ ఇల్లు చూడాలి! గోడలన్నీ వంకర, మేడ మీద తలుపు తీస్తే అవతల గాలి తప్ప ఏమీ లేదు. గృహప్రవేశం నాడు గాలివాన వచ్చి ఇల్లు రంగులరాట్నంలా తిరుగుతుంది, చుట్టాలు బయటికి ఎగిరిపడతారు. నిజంగానే ఇల్లు కట్టి, కింద తిరిగే చట్రం పెట్టి తిప్పారు.

సినిమాలో ఆ గృహప్రవేశం రోజు శుక్రవారం, 13వ తేదీ. "ఫ్రైడే థర్టీన్త్ బ్యాడ్ లక్ అమ్మమ్మా!" అన్నాడు వాడు. "శుక్రవారం అమ్మవారి రోజురా, అంతకంటే మంచిరోజు ఏముంటుంది?" అంది మా అమ్మ. నేను వెంటనే పాజ్ నొక్కాను, ఇద్దరికీ వివరిద్దామని. "ఆపకు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

చివర్లో ఇల్లు రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది. రైలొస్తుంది, పక్క పట్టాల మీద నుంచి వెళ్లిపోతుంది. హమ్మయ్య అనుకునేలోపే అటునుంచి ఇంకో రైలు వచ్చి ఇంటిని తుక్కుతుక్కు చేసేస్తుంది. "అయ్యో!" అన్నాడు వాడు. ఆ మాట నేను నేర్పింది కాదు.

పిల్లలకు మూకీలు చూపించండని అందరికీ చెప్పాలనిపించింది. కానీ మాటే లేని సినిమాతో తెలుగు ఎలా వస్తుంది? నేను పడీపడీ నవ్విన మాటల కామెడీ వాడికి ఎప్పటికీ పరాయిదే అయితే? నేను ఆపి చెప్పకపోతే వాడికి అర్థం కాదు, ఆపితే నవ్వు రాదు. ఇందులో దారి నాకు దొరకలేదు.

నిన్న వాడు ఆ వంకర ఇల్లు కాగితం మీద గీశాడు. వంటిల్లు ఆగ్నేయంలో పెట్టమంది అమ్మ.

"ఆగ్నేయం అంటే ఏంటి అమ్మమ్మా?"

వంటగదిలోంచి జవాబు చెప్పబోయి ఆగాను.